పదకొండు గుంతలు

అమావాస్యకు రెండు రోజులుందనగా హజరత్తయ్య రొయ్యల గుంత దగ్గర చేయాల్సిన పనులు ఇవి.

మేత నాలుగో వంతు తగ్గించాలి. రెండు బస్తాల మినరల్స్ నీళ్లలో నానబెట్టి, ఎండ తగ్గాక గుంతంతా చల్లాలి. నీళ్లకు గాలి కొట్టే నాలుగు ఏరియేటర్లూ ఆగకుండా తిరగాలి. కరెంటు పోతే జనరేటర్ వేయడానికి డీజిల్ తెచ్చి పెట్టుకోవాలి. కాలవలో మోటారు గొట్టానికి కట్టిన వల విప్పి, నాచు దులిపి, మళ్లీ కట్టాలి. పీతలు ఎక్కకుండా గట్టు చుట్టూ పాతిన ప్లాస్టిక్ పట్టా రెండు చోట్ల చిరిగింది, కుట్టాలి. కొంగలు దిగకుండా గుంత మీద లాగిన దారాలు తెగినచోట ముడి వేయాలి. రోజుకు నాలుగుసార్లు, నాలుగు మూలలా, ట్రేలు ఎత్తి చూడాలి.

ఆఖరిది, పట్టా కుట్టడం తప్ప మిగిలినవన్నీ హజరత్తయ్య చేస్తాడు. ట్రేలు ఎత్తడం, మేత చల్లడం, కుట్టుపని అతని భార్య వెంకటశేషమ్మ పని. గుంతలో సీడ్, అంటే పిల్ల రొయ్యలు, వదిలి అరవై రెండు రోజులయింది. ఈ అరవై రెండు రోజుల్లో హజరత్తయ్య ఒక్క ట్రే తాడు పట్టుకోలేదు. పిడికెడు మేత నీళ్లలో వేయలేదు. రొయ్య నోటికి పోయేది ఏదీ తన చేతిమీదుగా పోకూడదని అతని పట్టుదల.

ఆ మంగళవారం పొద్దున వెంకటశేషమ్మ మొదటి మూల దగ్గర చెక్క బల్ల మీద గొంతుక్కూర్చుని తాడు లాగుతోంది. ట్రే అంటే ఇనుప చట్రానికి బిగించిన సన్నపు వల. అందులో గుప్పెడు మేత వేసి గుంత అడుక్కి దించుతారు. రెండు గంటల తర్వాత పైకి లాగితే, మేత అయిపోయి ఉంటే రొయ్య బాగా తింటున్నట్టు, మిగిలి ఉంటే ఏదో తేడా ఉన్నట్టు. నీళ్ల కింద ఉన్నదాన్ని చూడటానికి రైతుకు ఉన్న కన్ను అదొక్కటే.

హజరత్తయ్య మోటారు షెడ్డు గడప మీదనుంచి అడిగాడు. "మిగిలిందా?"

"ట్రే ఇంకా నీళ్లలోనే ఉండాదయ్యా. పైకి రానీ."

"మిగులుతాదిలే. నీళ్ల రంగు చూస్తేనే తెలస్తా ఉండాది."

ట్రే పైకి వచ్చింది. మేత గింజ లేదు. ఆరేడు రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. వెంకటశేషమ్మ ట్రేని అతనివైపు వంచి చూపించింది. అతను అప్పటికే తల తిప్పుకుని ఏరియేటర్ చప్పుడు వింటున్నాడు.

"ఈ పూటకు తిన్నాయిలే," అన్నాడు.

"నువ్వు అడిగింది ఈ పూట సంగతే గదా!"

తర్వాత ఆమె థర్మకోల్ తెప్ప మీద మేత డబ్బాతో కూర్చుంది. ఈ గట్టునుంచి ఆ గట్టుకు కట్టిన తాడును హజరత్తయ్య లాగుతుంటే తెప్ప కదిలింది. ఆమె కుడివైపు ఒక విసురు, ఎడమవైపు ఒక విసురు, వరిమడిలో ఎరువు చల్లినట్టు సమంగా చల్లుకుంటూ పోయింది. తాడు లాగడంలో దోషం లేదని అతను ఎట్లా తేల్చుకున్నాడో ఆమె ఎప్పుడూ అడగలేదు.

మధ్యాహ్నం డీజిల్ కోసం ముత్తుకూరు పోవాలి. రోడ్డెక్కాలంటే పక్క గుంత గిరిబాబు గట్టు మీదుగా పోవాలి. ఆ రోజు గిరిబాబు తన గుంతలో సీడ్ పోస్తున్నాడు. ఆక్సిజన్ నింపిన సంచుల్లో వచ్చిన పిల్ల రొయ్యలు, సంచులతోనే నీళ్ల మీద తేలుతున్నాయి. లోపలి నీళ్లు, గుంత నీళ్లు ఒకే వేడికి వచ్చాక మొదటి సంచి మూతి విప్పాలి. దానికి చెయ్యి మంచిదని పేరున్న మనిషిని పిలుస్తారు. పోయిన పంట వరకూ ఆ కాలవ మీద ఎవరు సీడ్ పోసినా హజరత్తయ్యనే పిలిచేవాళ్లు.

హజరత్తయ్య మోపెడ్ స్టార్ట్ చేసి, గిరిబాబు గట్టు వైపు చూసి, ఎదురుగా కాలవ కట్ట మీదకు తిప్పుకున్నాడు. అటు నుంచి పోతే మూడు మైళ్లు చుట్టు. గిరిబాబు చూశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. సంచుల వైపు తిరిగి కూలీలకు ఏదో చెప్పాడు.

అతను తిరిగి వచ్చేసరికి వెంకటశేషమ్మ పట్టా కుడుతోంది.

"ఆ గట్టు మీద నడిస్తే నీ కాళ్లకు ముళ్లు గుచ్చుకుంటాయా?" అంది సూది ఆపకుండా.

"పోసుకునేవాళ్లను పోసుకోనీ మే. రేపు ఏమన్నా అయితే నా మీద పెడతారు."

"పెడతామని ఎవురన్నారు?"

"అనకముందే తప్పుకోవాల."

"అట్టా తప్పుకోబట్టే, అనాల్సిన పని వాళ్లకు తప్పిపోయింది," అని దారం కొరికింది.

గురువారం అమావాస్య. ఇంకా వెలుతురు సరిగ్గా రాకముందే వెంకటశేషమ్మ మొదటి ట్రే లాగింది. సగానికి పైగా మేత అట్లాగే ఉంది. ఆమె రెండో మూలకు పోయింది. అక్కడా అంతే. ట్రే మూలలో రెండు రొయ్యలు కదలకుండా పడి ఉన్నాయి. వేలితో నొక్కితే తడిసిన గుడ్డలా మెత్తగా ఉన్నాయి.

హజరత్తయ్య షెడ్డు దగ్గరనుంచి ఆమె ముఖం చూశాడు. ట్రే చూడలేదు. ఆమె మూడో మూలకు చేరేలోపు ఫోన్ తీసి రొయ్యలు కొనే ఏజెంటుకు చెప్పేశాడు.

"రేపు తెల్లవారి ఐసు బండి పంపించండి. మనుషుల్ని కూడా. ఆ, పట్టేస్తున్నాను. ఆ, ఎంత సైజుంటే అంత."

ఫోన్ జేబులో పెట్టుకున్నాక అతని ముఖంలో ఒక రకమైన నెమ్మది వచ్చింది. చాలా రోజులుగా రావాల్సిన చెడ్డ చుట్టం వచ్చి గడపలో కూర్చుంటే, ఇంక ఎదురుచూడక్కర్లేదన్న నెమ్మది.

గిరిబాబు పళ్లు తోముకుంటూ గట్టు మీదకు వచ్చాడు. నలభై ఏళ్లవాడు, మాట పెద్దది.

"ఏందన్నా, ఫోన్‌లో పట్టేస్తానంటుండావు?"

"మేత ముట్టలేదు. మెత్తబడినాయి."

"అయితే పట్టెయ్యన్నా. ఆలస్యం చేస్తే తలపొట్టు గూడా మిగలదు." గిరిబాబు ఉమ్మేసి నోరు తుడుచుకున్నాడు. "పట్టినాక నీ నీళ్లు మాత్రం కాలవలోకి వదలబాక. నేను నిన్న మొన్న పోసినా. నాకు ఏడుగురు ఆడబిడ్డల పెండ్లి చేసినంత ఖర్చయినాది."

"నీకున్నది ఒక కొడుకే గదరా."

"అందుకే గదన్నా వాడికి మిగిలే గుంతకు ఆ నీళ్లు అంటకూడదనేది," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

వెంకటశేషమ్మ ట్రే చేత్తో పట్టుకునే వచ్చి భర్త ముందు నేల మీద పెట్టింది.

"బండి చెప్పినావా?"

"చెప్పినా."

"ఏం చూసి చెప్పినావు?"

"నీ మొగం చూసినా."

"నా మొగం మీద తెల్లమచ్చ ఉండాదా?"

ఆమె మెత్తబడ్డ రొయ్యను తీసి, తలపొట్టు ఊడదీసింది. బొటనవేలితో లోపలి జిగురు తుడిచి, ఆ పొట్టును ఆకాశం వైపు ఎత్తి పట్టుకుంది. తెల్లమచ్చ జబ్బుంటే వెలుగులో పొట్టు మీద సున్నపు చుక్కలు కనబడతాయి.

"చూడు. మచ్చ కనబడితే చెప్పు."

"పొద్దు ఇంకా పైకి రాలేదు. మచ్చ యాడ కనబడతాది?"

"లేదని కనబడలేదు, సరే. ఉందని మాత్రం ఎట్టా కనబడినాది నీకు?"

"శేషమ్మా, ఇదీ పోతే వరసగా మూడో పంట. రెండు పంటలు నా చేతుల్లోనే పోయినాయి. నేను నూరుసార్లు చెప్పినా, సీడ్ నా పేరుతో తేవద్దని. నువ్వు తాకినా, గుంత నాదే గదా. నా చెయ్యి తగలకపోతే మాత్రం నా నీడ తగలదా?"

ఆమెకు కోపం రావాల్సిన చోట రాలేదు. ట్రేలో మిగిలిన మేతను పక్కకు దులిపి, కడవలో గుంత నీళ్లు పట్టి, అందులో ట్రేల్లో దొరికిన ఆరు రొయ్యల్ని వేసి మూత పెట్టింది. ఇంకో నాలుగింటిని ప్లాస్టిక్ సంచిలో ఐసు ముక్కల మధ్య పెట్టి ముడివేసింది.

"బండి వచ్చేది రేపు తెల్లవారి గదా. ఈ రోజంతా ఉండాది. నీ నీడనెక్కించుకోని ప్రత్యూష కాడికి పోయిరా. ఆ పిల్ల జబ్బేనంటే నేనే వల లాగతా. అప్పుడు ఒక్క మాటంటే అడుగు."

"ల్యాబుకు పోయినా ఏం చెప్తాది? పోయిందనే చెప్తాది."

"ఆ మాటేదో ఆ పిల్లని చెప్పనీ. దాని పని గూడా నువ్వే చేస్తివే."

ప్రత్యూష వాళ్ల ఊరి పిల్లే. ఆ వీధిలో డిగ్రీ చదివిన మొదటి మనిషి. జువాలజీ పాసై రెండేళ్లుగా ముత్తుకూరులో ఒక చిన్న ల్యాబులో పని చేస్తోంది. రైతులు నీళ్ల సీసాలు, సీడ్ సంచులు, చచ్చిన రొయ్యలు తెచ్చి ఆమె బల్ల మీద పెడతారు. ఆమె చూసి, రాసి ఇస్తుంది. హజరత్తయ్యను చూడగానే ఇంకొకరి శాంపిల్ పక్కనపెట్టి స్టూల్ జరిపింది.

"కూసో మామా. అత్త బాగుండాదా?"

"బాగుండాది. ఇదిగో. అంతా అయిపోయినట్టే, నువ్వు రాసిస్తే సరి."

ఆమె నవ్వలేదు. గ్లౌజులు తొడుక్కుని కడవ మూత తీసింది. రొయ్యను అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, లైటు కింద పేగు చూసింది. తోకదాకా గోధుమరంగు గీత, ఎక్కడా తెగలేదు. తలపొట్టు తీసి గాజు పలక మీద పరిచింది. తలలోని కండను చిన్న కత్తెరతో కోసి, చుక్క నీళ్లు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. పని చేస్తున్నంతసేపూ ఆమె పెదాలు కదులుతున్నాయి, చూసినదాన్ని చూసినట్టు తనకు తానే చదివి చెప్పుకుంటున్నట్టు.

"మామా, ఇట్టా రా. దీన్ని నొక్కి చూడు."

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"చచ్చిందే, మామా. నువ్వు ముట్టుకుంటే కొత్తగా చావదు."

అతను ఒక వేలితో నొక్కాడు.

"మెత్తగా ఉండాది గదా? పైపొట్టు వదిలేసి కొత్త పొట్టు కట్టుకునేటప్పుడు ఇట్టాగే ఉంటాది. అమావాస్య, పున్నమికి గుంతలో ఎక్కువ రొయ్యలు ఒకేసారి పొట్టు వదలతాయి. అప్పుడు మేత తినవు, మూలకు పడుంటాయి. ఈ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఎన్నేళ్లుగా చేస్తుండావు?"

"పదహారేళ్లు."

"అమావాస్య పేరు చెప్పి మేత తగ్గించినావా లేదా?"

"తగ్గించినా."

"ఎందుకు తగ్గించినావు?"

"పొట్టు వదలతాయని."

చెప్పిన తర్వాత ఆ మాట అతని చెవులకే చేరింది. రెండు రోజుల నుంచి ఆ పనికి కావాల్సినవన్నీ తనే చేశాడు. మినరల్స్ నానబెట్టాడు, డీజిల్ తెచ్చాడు. రొయ్యలు పొట్టు వదిలే రోజు కోసం అన్నీ సిద్ధం చేసి, అవి వదిలిన రోజు చచ్చిపోతున్నాయని బండికి ఫోన్ చేశాడు.

"కంటికి కనబడినంతలో జబ్బు లేదు," అంది ప్రత్యూష. "ఐసులో తెచ్చినవాటికి పీసీఆర్ పరీక్ష పెడతా. అయిదింటికి తెలస్తాది. అప్పుడు గట్టిగా చెప్తా. అప్పటిదాకా ఉండాదనొద్దు, లేదనొద్దు."

అతను లేచాడు. ఆమె "ఒక్క నిమిషం" అని సొరుగు లాగింది. అడుగు నుంచి ఒక కవరు తీసి, ఇవ్వాలా వద్దా అన్నట్టు కాసేపు చేతిలోనే పెట్టుకుంది.

"ఇది నీదే మామా. పోయిన పంటది. నవంబరు పన్నెండో తారీకు పొద్దున శాంపిల్ ఇచ్చి పోయినావు. రిపోర్టు తీసుకోలేదు."

"దేనికి తీసుకునేది? ఆ సాయంత్రమే పట్టేస్తిని గదా."

"నెగటివ్ వచ్చింది."

బయట బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అతను కవరు తెరవలేదు. దాని అంచును గోటితో గీస్తూ నిలబడ్డాడు.

"నీకు ఫోన్ చేసినా, ఎత్తలేదు. అప్పటికే గుంత ఖాళీ చేసేసినారని మా అమ్మ చెప్పినాది. ఇంకెందుకు చెప్పి బాధపెట్టాలని ఊరుకున్నా." ఆమె సొరుగు మూసింది. "తప్పు చేసినా మామా. అప్పుడే వచ్చి చెప్పుండాల."

"అయితే ఆ గుంతకు ఏం కాలేదా?"

"రొయ్యకు ఏం కాలేదు."

హజరత్తయ్య మళ్లీ స్టూల్ మీద కూర్చున్నాడు. రొయ్యకు ఏం కాలేదు. వేలెడంత కూడా ఎదగని రొయ్యను వల వేసి లాగించింది తనే. ఆ రోజు గట్టు మీద నలుగురి ముందు తలమీద చెయ్యి పెట్టుకుని, "నా చెయ్యి మంచిది కాదు" అన్నదీ తనే. అంతకుముందు అతన్ని ఆ మాట ఎవరూ అనలేదు.

"దానిముందు పంట?" అన్నాడు. "అదన్నా నిజంగా పోయిందా?"

"అది పోయింది మామా. తెల్లమచ్చే." ఆమె బీరువాలోంచి పాత రిజిస్టర్ తీసింది. తడి వేళ్ల మరకలున్న పేజీలు తిప్పి ఒకచోట ఆపింది. "ఇదిగో, ఆ వారం మన కాలవ మీదనుంచి వచ్చిన శాంపిళ్లు. ఒకటి, రెండు, మూడు..." వేలు కిందికి జారింది. "పదకొండు. అన్నీ పాజిటివే."

"మన కాలవ మీద ఉండేదే పదకొండు గుంతలు."

"పదకొండూ పోయినాయి."

హజరత్తయ్య రిజిస్టర్ వైపు వంగి పేర్లు చదువుకున్నాడు. ప్రతి పేరూ తెలిసినదే. ప్రతి గుంతా ఆ వారం పోయిందని అతనికి అప్పుడే తెలుసు, కళ్లారా చూశాడు. తెలిసి కూడా ఎప్పుడూ వరసగా పెట్టి లెక్కించుకోలేదు.

"మరి నరసయ్య..." అన్నాడు.

"ఏ నరసయ్య మామా?"

అతను రిజిస్టర్ మూశాడు. ఆ పంటకు తన గుంతలో మేత వేసిన మనిషి నరసయ్య. రొయ్యలు తేలిన రోజు షెడ్డు ముందర, అందరూ చూస్తుండగా, తనే నరసయ్య చేతిలోంచి మేత డబ్బా లాక్కుని, "నీ చెయ్యి మంచిది కాదు, ఇంక నా గుంతలో పెట్టబాక" అన్నాడు. నరసయ్య ఖాళీ అయిన చేతుల్ని చూసుకున్నాడు. ఆ తర్వాత ఆ కాలవ మీద ఎవరూ అతన్ని పనికి పిలవలేదు.

గుంతకు తిరిగి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. ఈసారి గిరిబాబు గట్టు మీదుగానే వచ్చాడు. ధైర్యం తెచ్చుకుని కాదు. ఏ దారిన వస్తున్నాడో అతనికి తెలియలేదు.

వెంకటశేషమ్మ మూడో మూల దగ్గర బల్లెక్కబోతోంది. అతను కడవ కింద పెట్టి, "ఆగు మే" అన్నాడు. చెప్పులు విప్పి బల్ల మీదకు పోయాడు. చెక్క ఎండకు కాలుతోంది. తాడు పట్టుకున్నాడు. మనసులో ఆ పాత మాట మళ్లీ వచ్చింది: మేత మిగిలే ఉంటుంది. రావద్దని అతను దాన్ని తోసెయ్యలేదు. తోసేస్తే పోయే మాట కాదది. ట్రే పైకి వచ్చేదాకా ఉండనిచ్చి తాడు లాగాడు.

మేత నిజంగానే మిగిలింది. పొద్దుటి కంటే తక్కువ, కానీ మిగిలింది. అతను ట్రే మీదకు వంగాడు. మేత గింజల మధ్య పల్చటి, రంగులేని పొట్టు ఒకటి. ఆకారం రొయ్యదే, లోపల రొయ్య లేదు. ఇంకోటి. ఇంకో రెండు. గుంత మూలలో గాలికి కొట్టుకొచ్చిన నురగలోనూ అవే తేలుతున్నాయి. పొద్దుటి నుంచి తేలుతూనే ఉండాలి.

"శేషమ్మా, ఇది చూసినావా?"

"చూసినా. పొద్దున నువ్వు ఫోన్లో ఉంటివి."

"చెప్పొచ్చు గదా!"

"నేను చెప్తే ఆ పొట్టు గూడా జబ్బుతో ఊడిందని అంటావు." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "నీకు నువ్వు చూడాలనే పంపించినా."

అయిదు దాటి పది నిమిషాలకు ఫోన్ మోగింది. హజరత్తయ్య ఎత్తి చెవిన పెట్టుకుని, జబ్బు లేదని ప్రత్యూష చెప్పింది విన్నాడు. "మంచిదమ్మా," అన్నాడు. వెంటనే ఏజెంటుకు చేసి బండి వద్దని చెప్పాడు. అవతలి మనిషి విసుక్కున్నాడు. హజరత్తయ్య "నాదే తప్పు" అన్నాడు.

గిరిబాబు మోటారు ఆపడానికి వచ్చి అటునుంచే అరిచాడు. "ఏందన్నా, పట్టడం లేదంట? రేపు తేలితే ఏం చేస్తావు?"

"రేపు తేలితే రేపు చూస్తా. ఈరోజు తేలలేదు."

గిరిబాబు మోటారు ఆపి వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారి నాలుగు ట్రేలూ హజరత్తయ్యే లాగాడు. మూడింటిలో మేత లేదు. నాలుగోదాంట్లో చారెడు ఉంది. అతను చాలాసేపు అక్కడే కూర్చుని, ట్రేలో రొయ్యల్ని ఒక్కొక్కటే పట్టి నొక్కి చూశాడు. పొట్టు గట్టిపడింది. మీసాలు తెగలేదు. నాలుగో మూల దగ్గర ఏరియేటర్ రెక్క ఒకటి వదులై నీళ్లు సరిగ్గా కొట్టడం లేదని కనిపెట్టి, స్పానర్ తెచ్చి బిగించాడు.

ఆ రోజు తెప్ప మీద కూర్చున్నది అతను. తాడు లాగింది వెంకటశేషమ్మ. మొదటి విసురు ఒకేచోట కుప్పగా పడింది.

"ఎరువు దిబ్బ వేస్తుండావా? సమంగా చల్లు," అని ఆమె గట్టుమీదనుంచి కేకేసింది.

శనివారం పొద్దుటి మేత వేశాక అతను ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

"యాడికి?" అంది ఆమె.

"చిల్లకూరు. నరసయ్య అక్కడుండాడంట. హైవే మీద లారీలు నిలిపేచోట కాపలా."

వెంకటశేషమ్మ లోపలికి పోయి, కవర్లో నాలుగు అరటిపళ్లు పెట్టి తెచ్చి ఇచ్చింది.

ముత్తుకూరు నుంచి నెల్లూరు, నెల్లూరులో గూడూరు బస్సు, అక్కడనుంచి ఆటో. దిగేసరికి ఎండ తలమీదకు వచ్చింది. పెద్ద ఖాళీ స్థలం, చుట్టూ రేకుల గోడ, లోపల ఇరవై ముప్పై లారీలు. గేటుకు ఒక గొలుసు. గొలుసు పక్కన నరసయ్య నిలబడి ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నాడు.

"అన్నా! నువ్వేంది ఇక్కడ?" అన్నాడు. ముఖంలో నిష్ఠూరం లేదు, అది లేకపోవడమే హజరత్తయ్యకు కష్టమయింది.

"నీకోసమే వచ్చినా."

నరసయ్య టీ చెప్పించాడు. గ్లాసు మాత్రం హోటల్ మనిషినే ఇమ్మన్నాడు. అరటిపళ్ల కవరు హజరత్తయ్య చాపితే, "ఆ స్టూల్ మీద పెట్టన్నా, తర్వాత తింటా," అన్నాడు. లారీ ఒకటి వచ్చింది. గొలుసు దించి, అది పోయాక మళ్లీ తగిలించి, చేతులు తిరిగి వెనక్కి కట్టుకున్నాడు.

"నరసయ్యా, ఆ చేతులేంది?"

"అలవాటన్నా. గొలుసుకు ప్రాణం లేదు గదా, దాన్ని పట్టుకుంటే పరవాలేదు." అతను చాలా మామూలుగా చెప్పాడు. "మొన్న మనవరాలికి అన్నం ముట్టించినారు. కూతురు ఏడ్చినాది, నాయనా ఒక్క మెతుకు పెట్టమని. నేను గుమ్మం బయటనే నిలబడినా. చిన్నబిడ్డ గదా, ఎందుకు."

హజరత్తయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. దారిపొడుగునా కూర్చుకున్న మాటలు ఏవీ పనికిరాలేదు.

"ఆ సంవత్సరం నా గుంత పోయింది నీ చెయ్యి వల్ల కాదు నరసయ్యా. నేను అన్నమాట తప్పు. నలుగురి ముందర అన్నా. ఇప్పుడు నీ ఒక్కడి ముందర చెప్తుండా, అదీ తప్పే. ఆ నలుగురికీ చెప్తాను."

"పోనీలేన్నా. నువ్వు నా మంచికే అన్నావు. నేను తెలుసుకున్నా."

"ఏం తెలుసుకున్నావు? ఆ వారం మన కాలవ మీద ఎన్ని గుంతలు పోయినాయి?"

"నీది పోయింది."

"ఎన్ని?"

నరసయ్య ఆలోచించాడు. "గిరిబాబుది గూడా పోయిందన్నారు."

"లెక్కపెట్టు. గిరిబాబు గుంత ఒకటి."

నరసయ్య కుడిచెయ్యి ముందుకు వచ్చింది. బొటనవేలు ముడిచాడు.

"వంతెన కాడివి రెండు," అన్నాడు హజరత్తయ్య. "దానెనక చేపల షెడ్డు పక్కది."

మూడు వేళ్లు ముడుచుకున్నాయి.

"అంకాలమ్మ గుడి దోవలో ఒకటి. అయిదు. స్లూయిస్ తూము కాడివి మూడు."

రెండో చెయ్యి కూడా ముందుకు వచ్చింది. నరసయ్య ఇప్పుడు తనే చెప్తున్నాడు. "స్లూయిస్ కాడ మూడా? ఆ చివరిది గూడా పోయిందా? ఎనిమిది. ఉప్పు పండించే కయ్యల అంచున రెండుండాయే, అవి?"

"అవీ పోయినాయి."

"పది." వేళ్లు అయిపోయాయి. అతను రెండు పిడికిళ్లను చూసుకున్నాడు. "ఇంకోటి ఉండాల గదన్నా. కాలవ మీద పదకొండు."

"పదకొండోది నాది. నువ్వు మేత వేసింది అదొక్కదాంట్లోనే. ఈ పది గుంతల గట్టు గూడా నువ్వు తొక్కలేదు."

నరసయ్య పిడికిళ్లు రెండూ ముందరే ఉన్నాయి. వాటిని వెంటనే విప్పలేదు. ఎవరో ఏదో పెట్టి పట్టుకోమన్నట్టు అట్లాగే పట్టుకుని, హైవే మీద పోయే బండ్లను చూస్తూ నిలబడ్డాడు.

"గుంతకాడికి వస్తావా?" అన్నాడు హజరత్తయ్య.

"ఇప్పుడే చెప్పలేనన్నా. రెండేళ్లు గదా." నరసయ్య పిడికిళ్లు విప్పాడు. "రేపు ఆదివారం. కూతురు బిడ్డనెత్తుకోని వస్తాది."

లారీ హారన్ కొడితే గొలుసు దించడానికి పోయాడు. హజరత్తయ్య గూడూరు ఆటో ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. నరసయ్య స్టూల్ దగ్గర నిలబడి, వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ, మొదటినుంచి మళ్లీ లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆదివారం ఏం జరిగిందో ఈ కథ రాసేనాటికి నాకు తెలియదు. ఇది చదివినవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. ఎవరి చెయ్యో మంచిది కాదన్న మాట మీ నోటిదాకా వచ్చినప్పుడు, ఆ చెయ్యి మీదే అయినా సరే, చిల్లకూరు దగ్గర గొలుసు పక్కన నిలబడి పది గుంతలు లెక్కపెట్టుకున్న నరసయ్యను ఒక్కసారి తలుచుకోండి.